ధర్మవరంలో అచ్చేయించిన ఆకాశం

మా కాకినాడలో విమానం ఎక్కాలనుకున్నవాళ్లు రాజమండ్రి పోతారు, లేకపోతే విశాఖపట్నం పోతారు. నేను కంబదూరు పోయాను. ఈ మాట చెప్పగానే మా వీధిలోవాళ్లు ముందు కంబదూరు ఎక్కడుందని అడిగారు, తర్వాత అక్కడ విమానాశ్రయం ఎప్పుడు కట్టారని అడిగారు. కట్టలేదు. వేరుశెనగ పీకేసిన చేను ఒకటి ఉంది. దాన్ని చదును చేసి రోలరు తిప్పారు, అంతే.

నేను ముప్ఫై ఏళ్లు భూగోళం చెప్పి రిటైరైన టీచర్ని. ఈ ప్రయాణం నా నెత్తిన పెట్టింది నా పాత విద్యార్థిని సుజాత. ఇద్దరు మాత్రమే పట్టే బుల్లి విమానం నడుపుతుంది. అల్యూమినియం గొట్టాలు, గుడ్డ రెక్కలు, ఆటోను తలపించే చప్పుడు. కరువు నేలలో పాత చెరువులు బాగుచేయించే మిత్రులు కొందరు, ఏ చెరువుకు కట్ట ఎక్కడ తెగిందో, నీళ్లొచ్చే కాలువ ఎక్కడ పూడిందో పైనుంచి ఫొటోలు తీసిపెట్టమని ఆమెను అడిగారు. ఎనిమిది నెలలు కాగితాల వెంట తిరిగితే అనుమతి వచ్చింది, అదీ మార్చిలో ఒకే ఒక్క ఉదయానికి. పక్క సీట్లో కూర్చుని పటం చూసి దారి చెప్పే మనిషి కావాలంది. నా భూగోళ జ్ఞానం గుర్తొచ్చి పిలిచిందని మురిసిపోయాను. మరుక్షణం "మీ బరువెంత టీచర్‌గారూ?" అని అడిగింది. నలభై ఆరు కిలోలు. అసలు సంగతి అదన్నమాట.

గుత్తి

రైలు దింపేసరికి ఉదయం ఏడు. సుజాత జీపుతో వచ్చి ఉంది. స్టేషను బయట బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. నానబెట్టిన బొరుగులకు తాలింపు వేసి, పుట్నాల పొడి కలిపితే ఉగ్గాని. ప్లేటు నలభై రూపాయలు. మా వైపు మరమరాలంటే సాయంత్రం కాలక్షేపానికి నమిలేవి. వాటితో పొద్దున్నే కడుపు నింపుకోవచ్చని నాకు యాభై ఎనిమిదో ఏట తెలిసింది. నేను బజ్జీ కొరికి గబగబా నీళ్లు తాగుతుంటే బండి ఆవిడ ఎగాదిగా చూసింది.

"ఏమ్మా, ఇదేం కారం? చిన్నపిల్లోల్లు తినేది గదా ఇది" అంది.

ఎండ ముదరకముందే కోట ఎక్కుదామని బయలుదేరాం గానీ, మోకాళ్లు నా మాట వినే వయసు దాటిపోయింది. పైకి చేరేసరికి పది. అక్కడ నిలబడి చుట్టూ చూశాను. గోదావరి డెల్టాలో పుట్టినదాన్ని నేను. మాకు ఎటు చూసినా కొబ్బరి చెట్టో, పక్కింటి డాబానో అడ్డం వస్తుంది, చూపు పది బారలకు మించి పోదు. ఇక్కడ చూపుకు అడ్డమే లేదు. ఎర్ర నేల, మధ్యలో నల్లరేగడి పట్టీలు, అక్కడక్కడ రాతిగుట్టలు, అలా పోయి పోయి ఆకాశంలో కలిసిపోయింది. భూమి ఇంత పెద్దదని ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పాను, చూడ్డం మాత్రం అదే మొదలు.

సుజాత తన ట్యాబ్లెట్ తీసి దారి చూపించబోయింది. పైలట్లకు ఇప్పుడు పటాలన్నీ యాప్‌లోనే ఉంటాయి. ఏ గుట్ట ఎంత ఎత్తు, పెద్ద కరెంటు తీగలు ఎక్కడ, ఏ విమానాశ్రయం చుట్టూ ఎంత మేర అడుగుపెట్టకూడదు, అన్నీ. వేలితో గీస్తే దూరం కూడా అదే లెక్కకట్టి చెబుతుందట. రెండు నిమిషాలు చూపించిందో లేదో, వేడెక్కింది, చల్లబడ్డాక వాడండి అని రాసి తెర నల్లబడిపోయింది.

పక్కనే మేకలు కాస్తున్న పెద్దాయన ఒకాయన వంగి చూశాడు. "దానికీ ఎండదెబ్బ తగిలినట్టుండాదే. నీడన పండబెట్టండమ్మా" అన్నాడు.

సుజాత నవ్వలేదు. "రెక్క నీడ మన మీద పడదు టీచర్‌గారూ, పొద్దుటెండ పక్కనుంచి నేరుగా ఒళ్లోకే కొడుతుంది. గాల్లో ఇలా అయితే కష్టం" అంది.

"కాగితం మీద అచ్చు వేయించు. కాగితానికి ఎండదెబ్బ తగలదు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో ఎంత గర్వం పలికిందో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ధర్మవరం

మర్నాడు పొద్దున్న ధర్మవరంలో మూడు జిరాక్సు షాపులు తిరిగాం. మూడుచోట్లా ఒకటే ప్రశ్న, "పేజీకి సరిపెట్టేదా మేడం?" అని. నాకు ఒళ్లు మండింది. పటాన్ని పేజీకి సరిపెడితే ఇక కొలతకు అర్థమేముంది? సెంటీమీటరుకు రెండున్నర కిలోమీటర్లు అంటే కాగితం మీద ఖచ్చితంగా అంతే పడాలి. మూడో షాపాయన నా ఉపన్యాసం ఓపిగ్గా విని, "అంత కొలతగా కావల్లంటే గ్రాఫుల చౌడప్ప కాడికి పోండి" అని వీధి చూపించాడు.

ఆ వీధిలో అడుగుపెట్టగానే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. చౌడప్ప షాపు ఒక గది. రెండు కంప్యూటర్లు, ఒక బెంచీ అంత పొడుగు ప్రింటరు, గోడకు చేరేసిన కాగితపు చుట్టలు. పట్టుచీర అంచు మీదికి రావలసిన నెమలిని, కొంగు మీది పువ్వును గళ్లగళ్లుగా కాగితం మీదికి దించి నేతగాళ్లకు ఇవ్వడం ఆయన పని. దాన్నే గ్రాఫు అంటారు. ఆ గ్రాఫు చూసి అట్టలకు చిల్లులు కొడతారు, ఆ అట్టలు మగ్గానికి ఎక్కితే పువ్వు చీరలోకి దిగుతుంది. చౌడప్పకు యాభై దాటి ఉంటాయి, కళ్లద్దాలకు తాడు కట్టి మెళ్లో వేసుకున్నాడు.

"మా నాయన కాలంలో కంప్యూటర్లు యాడివమ్మా. కుంచె పట్టుకోని ఒక్కో గడి చేత్తో నింపుతా ఉన్నాడు. ఒక్క గడి తప్పినాదంటే చీర పొడుగూతా ఆ తప్పే వస్తాది. నెల దినాల పని నీళ్ల పాలు" అన్నాడు.

ఆయన చూపించిన గ్రాఫు మీద పువ్వు పక్కలనుంచి నొక్కినట్టు నిలువుగా ఉంది. ఇదేమిటి, బక్కచిక్కిపోయిందే అన్నాను. చౌడప్ప మురిపెంగా నవ్వాడు. చీరలో పడుగు పోగులు, అంటే నిలువువి, పలచగా ఉంటాయట, అడ్డంగా పడే పేక పోగులు ఒత్తుగా ఉంటాయట. అందుకని కాగితం మీద ఆ తేడాకు తగినట్టు ఒక పక్క కుదించి అచ్చు వేస్తారు. కాగితం మీద బక్కగా ఉన్న పువ్వు చీరమీద గుండ్రంగా విచ్చుకుంటుంది. పక్కనే ఆ పువ్వు నేసిన గుడ్డ ముక్క చూపించాడు, నిజంగానే గుండ్రంగా ఉంది. పువ్వును ముందే వంకర చేసి, నేతలో అది సరి అయ్యేలా చేసే ఈ విద్య చూసి దండం పెట్టాలనిపించింది.

సుజాత ట్యాబ్లెట్ అప్పటికి చల్లబడి మామూలైంది. దాని నంబరు నుంచే పటాన్ని చౌడప్ప ఫోనుకు పంపింది. ప్రింటరు సన్నగా రాగం తీస్తూ కాగితాన్ని బయటికి వదులుతుంటే ముగ్గురం నిలబడి చూశాం. కంబదూరు, కళ్యాణదుర్గం, రాయదుర్గం గుట్టలు, చెరువులు, గీతలు, అంకెలు. కూలి అడుగుల లెక్కన తీసుకున్నాడు, నేతగాళ్ల దగ్గర తీసుకున్నట్టే.

"కొలత తప్పదు కదా?" అని అడిగాను.

"మా కాడ తప్పేదే లేదమ్మా" అన్నాడు. కాగితం చుడుతూ, "దీన్ని నమ్ముకోని గాల్లో పోతారా?" అన్నాడు.

"అవును, ఎల్లుండి పొద్దున్నే, కంబదూరు చేనులోంచి" అంది సుజాత.

ఆయన ప్రింటరుకు చెయ్యి తాకించి కళ్లకద్దుకున్నాడు.

కంబదూరు

ధర్మవరం నుంచి పడమరగా పోయే కొద్దీ ఊళ్లు పలచబడ్డాయి. జీపు అద్దం ముందు పెట్టిన ట్యాబ్లెట్ దారిలోనే మళ్లీ నల్లబడింది. ఈసారి నీడలో పెట్టినా, తడిగుడ్డ చుట్టినా, బతిమాలినా వెలగలేదు. "పోనీలే, కాగితం ఉంది" అన్నాను. అనడం కాదు, చాటింపు వేశాను.

మాకు బస ఇచ్చింది చేను ఇచ్చిన రైతు ఇల్లే. ఇంటావిడ రామక్క గుమ్మంలో కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లు అందించింది. మా ఊళ్లో అయితే గోలెంలో చెంబు ముంచి మూడుసార్లు పోసుకుంటాం. నేను అలవాటు ప్రకారం చెంబంతా ఒక్క కాలి మీద గుమ్మరించి, రెండోదానికి మళ్లీ చెయ్యి చాపాను. రామక్క నీళ్లు పోయిన చోటికి ఒకసారి చూసింది, లోపలికి పోయి ఇంకో అరచెంబు తెచ్చింది. తర్వాత సుజాత ఒక్క అరచెంబుతోనే రెండు కాళ్లూ కడుక్కుని, కొంచెం మిగిల్చి, గడపపక్క తులసి మొక్కకు పోసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

రాత్రి భోజనం రాగిసంగటి, పప్పు, శెనక్కాయల ఊరుమిండి, అంటే మా వైపు రోటిపచ్చడి. ముద్దను నమలకూడదు, పప్పులో ముంచి మింగాలి. నేను నమిలాను, పళ్లకు అంటుకుపోయింది.

"వానలెట్లున్నాయి రామక్కా?" అని మాట కలిపాను.

"ఒగ యేడు వస్తాది, రెండేండ్లు రాదు. చెర్లో నీళ్లు చూసి శానా దినాలాయ. మీరు పైనించి ఫొటోలు తీస్తే కట్ట ఏసుకొనేకి అయితాదంట గదా. అందుకే చేనిచ్చినాము. లేకుంటే ఇమానం మాకేటికి?" అంది.

ఆ మాటతో నాకు ఈ పని బరువు తెలిసింది. అప్పటిదాకా నేను విహారానికి వచ్చినట్టే ఉన్నాను.

గుమ్మఘట్ట

మూడోరోజు దారి చూసుకోవడానికి గుమ్మఘట్ట వెళ్లాం. వేదవతి మీది ప్రాజెక్టు దగ్గర వెనక్కి తిరగాలని ఏర్పాటు. కర్ణాటక పక్కనే కావడంతో టీకొట్టు దగ్గర సగం మాటలు తెలుగులో, సగం కన్నడంలో వినిపిస్తున్నాయి. ఒకే వాక్యాన్ని తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో ముగించేవాళ్లను చూశాను. టీ పది రూపాయలు, చిన్న గ్లాసు. కొట్టాయన పేరు తిప్పేస్వామి.

అక్కడ ఉండగా సుజాతకు ఫోను వచ్చింది. అనుమతి ఇచ్చిన ఆఫీసు నుంచి. దారిలో ఉత్తరపు ముక్క వద్దన్నారట. దానికి బదులు తూర్పున ధర్మవరం చెరువు దాకా పోవచ్చన్నారు. అంటే కంబదూరులో లేచి పడమరకు గుమ్మఘట్ట, అక్కడినుంచి వెనక్కి తిరిగి నేరుగా తూర్పుకు ధర్మవరం, మళ్లీ కంబదూరు. కొత్త దూరం కొలవాలి. దాన్నిబట్టి పెట్రోలు పోసుకోవాలి. చేను పొడుగు తక్కువ కాబట్టి ఎక్కువ పోసుకుంటే బరువెక్కి లేవదు, తక్కువ పోసుకుంటే దారిలో అయిపోతుంది.

టీకొట్టు ముందు రాతిబండ మీద పటం పరిచి, నాలుగు మూలలా గ్లాసులు పెట్టి, స్కేలు, పెన్సిలు తీశాను. ఎన్నాళ్లకో క్లాసులో నిలబడ్డట్టు అనిపించింది. పోనూ రానూ మొత్తం అరవై నాలుగు సెంటీమీటర్లు. సెంటీమీటరుకు రెండున్నర. నూట అరవై కిలోమీటర్లు.

తిప్పేస్వామి టీ గిన్నె పట్టుకుని వంగి చూశాడు. "కంబదూరు ఇంత దగ్గరనా? నేను వారానికొగసారి పోతాండా, శానా దూరముండాదే" అన్నాడు.

"రోడ్డు మలుపులు తిరుగుతుంది నాయనా, ఆకాశం తిరగదు" అన్నాను. ఆయన సరే అన్నట్టు తలూపి పోయాడు.

పటం మీద ఒక విమానాశ్రయం చుట్టూ గీసిన గీత గుండ్రంగా కాక కోడిగుడ్డు ఆకారంలో ఉండడం నేను చూశాను. చూసి, ప్రభుత్వం వాళ్లు అలా గీసుకున్నారు కాబోలు అనుకున్నాను. అనుమానం వస్తే అక్షాంశ రేఖాంశాల గళ్లతో సరిచూసుకోండి అని ఎనిమిదో తరగతి పిల్లలకు ముప్ఫై ఏళ్లు చెప్పిన నోరు ఇది.

సుజాత కొంచెం తటపటాయించి, "ఫోన్లో కూడా ఒకసారి చూద్దామా టీచర్‌గారూ? యాప్‌లో దూరం ఇంకాస్త ఎక్కువ చెప్పేదేమో అనిపిస్తోంది" అంది.

"నా కొలత మీద నమ్మకం లేదా?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. కానీ ఆ నవ్వు కింద ఉన్నది తనకు తెలుసు. స్కేలు పట్టుకోవడం తనకు నేర్పింది నేనే. ఫోను సంచిలో పెట్టేసింది.

నూట అరవై కిలోమీటర్లు అంటే రెండు గంటలు, ఇరవై నాలుగు లీటర్లు. అదనంగా అరగంటకు ఆరు. మొత్తం ముప్ఫై లీటర్లు అని చీటీ మీద రాసి ఇచ్చాను. తను దాన్ని జేబులో పెట్టుకుంది.

మళ్లీ కంబదూరు

నాలుగో రోజు తెల్లవారేసరికి చేను చుట్టూ ఊరు ఊరంతా చేరింది. గాలి కదలడం లేదు. సుజాత ముప్ఫై లీటర్లు కొలిచి పోసింది. నేను హెల్మెట్ పెట్టుకుని, బెల్టు బిగించుకుని, పటం మోకాళ్ల మీద క్లిప్పు పెట్టుకుని కూర్చున్నాను. ఇంజను మొదలైంది. చేను ఆ చివరినుంచి దుమ్ము లేపుకుంటూ ఒక మోపెడ్ మావైపే వస్తోంది. వెనక అడ్డంగా కట్టిన పొడుగాటి కాగితపు చుట్ట. నడిపే మనిషి ఒక చెయ్యి వదిలేసి ఊపుతున్నాడు. చౌడప్ప.

సుజాత ఇంజను ఆపింది. చౌడప్ప మోపెడ్‌కు స్టాండు వేయడానికి కూడా ఓపిక లేనట్టు దాన్ని అలాగే పడేసి వచ్చాడు. కనుబొమల మీదిదాకా దుమ్ము.

"కాగితం తప్పమ్మా. తప్పు నాది" అన్నాడు.

రామక్క నీళ్లిస్తే రెండు గుక్కలు తాగి అప్పుడు చెప్పాడు. "నిన్న అమావాస్య, మగ్గాలు ఆపేసినారు, నేనూ షాపు తీయలేదు. పొద్దుగూకినాక, తెల్లారితే ఒకాయనకు గ్రాఫు ఇయ్యల్ల గదా అని మిషను కాడ కూర్చున్నా. చీరకు పెట్టే కొలత పెట్టబోతే అది ముందే పెట్టి ఉండాది. నేను పెట్టలేదే అనుకున్నా. అంతకుముందు కడపట తీసింది ఏంది? మీ పటం. దానికి ఆ కొలత తీసేయల్ల, నేను తీయలేదు. ముప్ఫై ఏండ్ల అలవాటు, చెయ్యి దానంతకది పోయింది. మీ నంబరుకు ఎన్నితూర్లు చేసినా పలకలేదు."

ఆయన దగ్గరున్నది ఆగిపోయిన ట్యాబ్లెట్ నంబరొక్కటే.

కొత్త చుట్ట విప్పి పాతదాని పక్కన పరిచాడు. రామక్క చేతిలోని గ్లాసు తీసుకుని, కొత్త పటం మీది విమానాశ్రయం గీత మీద బోర్లించాడు. చుట్టూ ఒకే ఎడంగా గుండ్రంగా ఉంది. దాన్నే పాత పటం మీద పెట్టాడు. పక్కల గీత గ్లాసుకు ఆనుకుంది, పైనా కిందా ఎడం మిగిలింది. "పడుగు పక్క సరిగ్గానే ఉండాది. పేక పక్క కురచ. పదికి ఎనిమిదే పడింది" అన్నాడు.

పేక పక్క అంటే తూర్పు పడమర. మేం పోయేది తూర్పు పడమరే.

స్కేలు తీసి కొత్త పటం మీద పెట్టాను. ఎనభై సెంటీమీటర్లు. నూట అరవై కాదు, రెండు వందల కిలోమీటర్లు. ఈసారి సుజాత అడగకుండానే "ఫోన్లో చూడు" అన్నాను. చూసింది, రెండు వందలే. చౌడప్ప చేసింది అలవాటులో జరిగిన పొరపాటు. కోడిగుడ్డును కళ్లారా చూసి, తిప్పేస్వామి మాట తోసేసి, నా పిల్ల అడిగితే మూతి ముడిచినదాన్ని నేను. నా గీర కోసం ఆ పిల్ల ప్రాణం మీదికి తెచ్చాను. ఆ మాట అక్కడే, అందరి ముందే అన్నాను.

సుజాత "ముందు పెట్రోలు చూద్దాం టీచర్‌గారూ" అంది.

ముప్ఫైకి ఇంకో ఆరు లీటర్లు కావాలి, గాలి లేస్తే అని ఇంకో రెండు, మొత్తం ఎనిమిది. అంత బరువుతో ఆ చేనులోంచి లేవదు. కెమెరా రెక్క కమ్మీకి బిగించి ఉంది, అది లేకపోతే ప్రయాణమే లేదు. తీసేయగలిగింది ఒకటే. నేను బెల్టు విప్పుకుని దిగాను. నలభై ఆరు కిలోలు పనికొచ్చిన మొదటిసారి అదే, దిగిపోవడానికి.

ఆమె కొత్త పటం ఒళ్లో పెట్టుకుని ఏడు గంటలకు లేచింది. చేను చివర కంచెను అరచేతి ఎత్తులో దాటినట్టనిపించింది నాకు. తర్వాత చుక్కంతయి, ఒట్టి చప్పుడయి, అదీ లేకుండా పోయింది.

"గ్రాఫు కోసం నేతాయన కాసుకోనుంటాడు, మగ్గం ఖాళీ. పోవల్ల" అన్నాడు చౌడప్ప. కానీ కదల్లేదు. చేనుగట్టు మీద కూర్చున్నాడు. "ఆ యమ్మ నేలమీదికి దిగేదాకా పోలేను" అన్నాడు. రామక్క మా ఇద్దరికీ ఉగ్గాని పెట్టింది. ఆయనా తినలేదు, నేనూ తినలేదు.

తొమ్మిదిన్నరకు రావాలి. తొమ్మిదిన్నర దాటింది. పడమటి గాలి మొదలై కంచెకు చిక్కుకున్న ప్లాస్టిక్ కవర్లు పటపటమంటున్నాయి. తొమ్మిది నలభైకి నేను లేచి నిలబడ్డాను. చౌడప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు. తొమ్మిది నలభై అయిదుకు ముందుగా విన్నది రామక్క. "వస్తాండాది" అంది.

దిగింది. ఎగురుతూ వచ్చినట్టు లేదు, నేలే ఎత్తుకుని దించుకున్నట్టుంది. సుజాత హెల్మెట్ తీసి, "ఎదురుగాలి బాగా తగిలింది. ఫొటోలన్నీ వచ్చాయి" అంది. ట్యాంకులో మిగిలింది డబ్బాలోకి వంచి కొలిచాం. అయిదు లీటర్లు.

మేం అదనంగా పోసింది ఎనిమిది. చౌడప్ప వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. "మూడు లీటర్లు తక్కువ పడేదమ్మా" అన్నాడు మెల్లగా. మూడు లీటర్లంటే పావుగంట. ఆ పావుగంటలో ఆమె ఇరవై కిలోమీటర్ల అవతల, ఇంజను ఆగిపోయి, ఏ రాళ్ల మీదో ఉండేది. నేను సుజాత చెయ్యి పట్టుకుని ఏడ్చాను. తను నా భుజం తట్టింది, క్లాసులో నేను తనకు తట్టినట్టే.

చౌడప్ప పాత పటాన్ని చుట్టి చంకలో పెట్టుకున్నాడు. "ఇది ఈడ ఉండగూడదు" అన్నాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఉగ్గాని చల్లారిపోయినా నిలబడే తిని, మోపెడ్ ఎక్కి పోయాడు.

ఆయన పోయిన పావుగంటకు సుజాత ఇంకో అయిదు లీటర్లు పోసి, "రండి టీచర్‌గారూ, పది నిమిషాలు. కుదుపు ఉంటుంది" అంది. వద్దన్నాను. "అనుమతి ఈ పూటకే. మళ్లీ ఎనిమిది నెలలు" అంది. ఎక్కాను.

నేల వదిలిన క్షణం నాకు గుర్తులేదు. కళ్లు తెరిచేసరికి కంబదూరు కింద ఉంది. నేలమీద నిలబడి ఎండిపోయిన గుంటలనుకున్నవన్నీ పైనుంచి చూస్తే చెరువులు, ఒకదాని కింద ఒకటి, నెలవంకల వరుస. పైది నిండితే దాని నీళ్లు కిందిదానిలోకి పోయేలా, నేల ఎటు వాలిందో వెతుక్కుంటూ ఎవరో కాళ్లతో తిరిగి కట్టారు. యాప్ లేదు, పటం లేదు, విమానం లేదు. పదింటిలో ఒకదానిలోనే నీళ్ల మెరుపు కనిపించింది. అయినా ఆ అమరిక చూసి నా ఒళ్లు గగుర్పొడిచింది.

సుజాత నా మోకాలు తట్టి కిందికి చూపించింది. రోడ్డు మీద చిన్న చుక్క, దాని వెనక దుమ్ము తోక. చౌడప్ప. ఆయన ముందు రోడ్డు తూర్పుగా పోతూ గుట్టల మధ్య దూరి, అవతల మళ్లీ తేలి, మళ్లీ దూరి, చివరికి వేడి ఆవిరిలో కలిసిపోయింది. ధర్మవరం ఎక్కడా కనపడనే లేదు. సూటిగా పోతే యాభై నాలుగు కిలోమీటర్లు, రోడ్డయితే ఇంకా ఎక్కువ. నిన్న గుమ్మఘట్టలో అదే దారికి నేను పెన్సిలుతో నలభై మూడు అని రాశాను. తెల్లవారకముందు, ఎవరో ఇద్దరు ఆడవాళ్ల కోసం, నేను కొలవలేకపోయిన ఆ పదకొండు కిలోమీటర్లు కూడా ఆయన వచ్చాడు.